పద్దెనిమిది వేల మందికి విడిగా ఒక కౌంటీ ఎందుకు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: మొన్న లాంగ్ వీకెండ్‌కి సియాటిల్ దగ్గరి బోథెల్ నుంచి పిల్లలతో, అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోనే ఉన్న సాన్ వాన్ దీవులకు వెళ్లొచ్చారు. అక్కడి ఫ్రైడే హార్బర్ ఊళ్లో కోర్టు భవనం మీద కౌంటీ (మన జిల్లా లాంటిది) బోర్డు చూసి ఆశ్చర్యపోయారు. "జనాభా పట్టుమని ఇరవై వేలు లేదు. దీన్ని పక్క కౌంటీలో కలిపేయకుండా విడిగా ఎందుకు ఉంచారు? ఎవరు నడుపుతారు? పంది కోసం యుద్ధం జరిగిందని గైడ్ చెప్పాడు, నిజమేనా? మా అబ్బాయి స్కూలు ప్రాజెక్టుకి కావాలి" అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. 1846లో అమెరికా, బ్రిటన్ గీసుకున్న సరిహద్దులో ఒక అస్పష్టత వల్ల ఈ దీవులు ఇరవై ఆరేళ్ల పాటు ఎవరివో తేలలేదు. 1872లో తేలింది. మరుసటేడే, 1873 అక్టోబరు 31న, వాట్కమ్ కౌంటీ నుంచి విడదీసి సొంత కౌంటీ చేశారు. ఆ తరవాత మళ్లీ కలపకపోవడానికి నా లెక్కలో ఒక్కటే కారణం, చుట్టూ ఉన్న నీళ్లు. ఒడ్డు నుంచి ఒక్క వంతెన కూడా లేదు. ఇక పంది సంగతి నిజం. యుద్ధం మాత్రం జరగలేదు. కాల్పుల్లో పోయింది ఆ పంది ఒక్కటే.

నేను కౌంటీలకు భూమి మ్యాపులు, సర్వే రికార్డులు చేసే పనిలో చాలా ఏళ్లున్నాను. అందులో ఆరేళ్లు ఫ్రైడే హార్బర్‌లోనే కాపురం. కాబట్టి కొంచెం ఎక్కువే చెబుతాను, ఓపిగ్గా చదవండి. రాసేటప్పుడు జువాన్‌లా కనిపించినా అక్కడివాళ్లు పలికేది సాన్ వాన్ అనే.

నేల తక్కువ, నీళ్లు ఎక్కువ

వాషింగ్టన్ రాష్ట్రంలో 39 కౌంటీలున్నాయి. నేల విస్తీర్ణంలో అన్నిటికన్నా చిన్నది ఇదే, సుమారు 174 చదరపు మైళ్లు. కౌంటీ గీతల లోపల ఉన్నదంతా లెక్కేస్తే దాదాపు ముప్పాతిక వంతు సముద్రమే. 2020 జనగణనలో జనాభా 17,788.

దీవులెన్ని అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు నాలుగు వందలకు పైగా దీవులూ రాళ్లూ కనిపిస్తాయి. పాటు తీసినప్పుడు ఇంకొన్ని బయటపడతాయి, కొన్ని దీవులు పక్కదానితో కలిసిపోతాయి. పనిలో చేరిన మొదటి నెలలో నాకు ఇది తెలియదు. ఒక చిన్న స్థలానికి ఒడ్డు గీత గీయాలని ఉదయం పదింటికి వెళ్లి కొలిచాను. భోజనం చేసొచ్చేసరికి, పొద్దున నేను మేకు పాతిన రాయి నడుం లోతు నీళ్లలో ఉంది. పోటుకీ పాటుకీ మధ్య ఏడెనిమిది అడుగుల తేడా అక్కడ మామూలు. మా సీనియర్ నవ్వి, "ముందు టైడ్ టేబుల్ చూసుకో, తరవాత టేపు తియ్యి" అన్నాడు. ఆ తరవాత ఎప్పుడూ మర్చిపోలేదు.

ఇక్కడే మీకు పనికొచ్చే మాట ఒకటి. ఈ రాష్ట్రంలో పోటుపాట్ల మధ్య నేలను 1971 దాకా ప్రైవేటు వాళ్లకు అమ్మారు. అందుకని బీచ్ అంతా అందరిదీ అనుకుని పిల్లల్ని దింపకండి. బోర్డు చూసుకోండి.

రాష్ట్ర ఫెర్రీ ఆగేది నాలుగు దీవుల్లోనే: ఓర్కస్, సాన్ వాన్, లోపెజ్, షా. అన్నిటికన్నా పెద్దది ఓర్కస్, దానికి కాస్తే తక్కువ సాన్ వాన్. కౌంటీలో ఎత్తయిన చోటు ఓర్కస్‌లోని మౌంట్ కాన్‌స్టిట్యూషన్, సుమారు 2,400 అడుగులు. ఆ కొండ ఉన్న పార్కు స్థలం ఓడలు కట్టే వ్యాపారి, ఒకప్పటి సియాటిల్ మేయరు రాబర్ట్ మోరన్ ఇచ్చినది. మిగతా దీవులకు సొంత పడవో చిన్న విమానమో ఉండాలి.

మీరు వర్షాకాలంలో వెళ్లలేదు కాబట్టి గమనించి ఉండరు. సియాటిల్‌లో పడే వానలో మూడింట రెండు వంతులే అక్కడ పడుతుంది. ఒలింపిక్ పర్వతాలు మబ్బుల్ని అవతలే ఆపేస్తాయి. చుట్టూ సముద్రం, తాగడానికి మాత్రం కరువు. ఒడ్డుకి దగ్గరగా బోరు వేసి గట్టిగా తోడితే ఉప్పునీరు లోపలికొచ్చేస్తుంది. మేం అద్దెకున్న మొదటి ఇంట్లో ఆగస్టు వచ్చిందంటే కాఫీ కూడా ఉప్పగా ఉండేది. ఇల్లు కట్టుకోవాలంటే అక్కడ ముందు అడిగేది డబ్బు గురించి కాదు, "నీళ్లు చూపించు" అంటారు.

పంది కథ, అసలు కథ

1846 జూన్ 15న అమెరికా, బ్రిటన్ ఒప్పందం చేసుకున్నాయి. 49వ అక్షాంశం మీదుగా వచ్చిన సరిహద్దు సముద్రం చేరాక, ఖండాన్నీ వాంకూవర్ దీవినీ వేరుచేసే జలమార్గం మధ్యగా పోవాలి అని రాసుకున్నారు. కాగితం మీద బాగానే ఉంది. కానీ అక్కడ జలమార్గం ఒకటి కాదు. దీవులకు పడమర హారో జలసంధి, తూర్పున రొసారియో జలసంధి. గీత హారో గుండా పోతే దీవులు అమెరికావి, రొసారియో గుండా పోతే బ్రిటన్‌వి. ఎవరికి నచ్చింది వాళ్లు చదువుకున్నారు. ఈ రెండు దేశాలకన్నా వేల ఏళ్ల ముందు నుంచీ అక్కడ చేపలు పట్టుకుంటూ బతికిన లమ్మీ, సమిష్ వంటి కోస్ట్ సేలిష్ జాతుల వాళ్లను మాత్రం ఎవరూ అడగలేదు.

1853లో బ్రిటిష్ హడ్సన్స్ బే కంపెనీ సాన్ వాన్ దీవి దక్షిణపు కొసన గొర్రెల ఫారం పెట్టింది. మరుసటేడు అమెరికా వైపున ఏర్పడిన వాట్కమ్ కౌంటీ ఈ దీవులు మావే, పన్ను కట్టండి అంది. కంపెనీ కట్టలేదు. 1855లో కౌంటీ షెరీఫ్, అంటే పోలీసు అధికారి, మనుషుల్ని వెంటేసుకొచ్చి ముప్పైకి పైగా పొట్టేళ్లను జప్తు చేసి పడవల్లో తీసుకుపోయాడు. గైడులు ఈ ముక్క వదిలేస్తారు, పంది ముందు పొట్టేళ్లు ఆనవు. నాకు మాత్రం కౌంటీ చరిత్ర అసలు ఇక్కడ మొదలవుతుందనిపిస్తుంది. పన్ను ఎవరు వసూలు చేస్తే ఊరు వాళ్లదే కదా.

తరవాత నాలుగేళ్లకు పంది. లైమన్ కట్లర్ అనే అమెరికన్ అక్కడ గుడిసె వేసుకుని బంగాళదుంపలు నాటుకున్నాడు. కంపెనీ పంది ఒకటి మాటిమాటికీ వచ్చి దుంపలు తవ్వేది. 1859 జూన్ 15న విసుగెత్తి కాల్చేశాడు. తేదీ గమనించండి, ఒప్పందం కుదిరి సరిగ్గా పదమూడేళ్లు. పది డాలర్లిస్తానని కట్లర్, వంద కావాలని ఫారం చూసుకునే గ్రిఫిన్. బేరం చెడింది. అక్కడి అమెరికన్లు మాకు రక్షణ కావాలన్నారు. అమెరికా సైన్యంలో దూకుడు మనిషైన జనరల్ హార్నీ కెప్టెన్ జార్జ్ పికెట్‌ను అరవై పైచిలుకు సైనికులతో దింపాడు. వాంకూవర్ దీవి మీది విక్టోరియాలో ఉన్న బ్రిటిష్ గవర్నర్ డగ్లస్ యుద్ధనౌకలు పంపాడు. ఆగస్టు ఆఖరుకి ఒక పక్క 461 మంది అమెరికన్లు 14 ఫిరంగులతో, మరో పక్క నౌకల మీద రెండు వేలకు పైగా బ్రిటిష్ వాళ్లు.

తుపాకి పేలకపోవడానికి కారణం ఇద్దరు పెద్దమనుషులు. బ్రిటిష్ అడ్మిరల్ బేన్స్, ఒక పంది కోసం రెండు పెద్ద దేశాల్ని యుద్ధంలోకి దించనని తెగేసి చెప్పాడు. అమెరికా నుంచి జనరల్ విన్‌ఫీల్డ్ స్కాట్ వచ్చి, తేలేదాకా ఇద్దరూ కొద్దిమంది సైనికుల్నే ఉంచుకుందాం అని ఒప్పించాడు. దక్షిణాన అమెరికన్ క్యాంప్, ఉత్తరాన ఇంగ్లిష్ క్యాంప్. పన్నెండేళ్లు అలాగే ఉన్నారు. ఒకరి పండక్కి ఒకరు వెళ్లొచ్చేవారు. చివరికి 1871లో తగవును జర్మనీ చక్రవర్తి మొదటి విల్‌హెల్మ్ ముందు పెట్టారు. ఆయన ముగ్గురు నిపుణుల చేత పరిశీలన చేయించి 1872 అక్టోబరు 21న హారో అన్నాడు. దీవులు అమెరికావయ్యాయి. బ్రిటిష్ సైనికులు నవంబరులో వెళ్లిపోయారు.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు మళ్లీ వస్తే: పన్నెండేళ్ల పాటు ఆ జనం వాట్కమ్ అధికారుల పాలనలో లేరు. దేశం తేలాక మళ్లీ పడవేసుకుని కోర్టు పనికి అంత దూరం వెళ్లాలంటే ఎవరు ఒప్పుకుంటారు? మా ఊరి కోర్టు మా ఊళ్లోనే అన్నట్టుగా కౌంటీ వచ్చింది. అప్పటికి వాషింగ్టన్ ఇంకా రాష్ట్రం కూడా కాలేదు, అది 1889లో.

ఎవరు నడుపుతారు

కౌంటీని జిల్లా అని అనువదించుకుంటే మనకు కలెక్టర్ గుర్తొస్తాడు. ఇక్కడ పైనుంచి వేసే కలెక్టర్ లేడు. జనం ఎన్నుకునే ముగ్గురు సభ్యుల కౌన్సిల్ ఉంటుంది. వాళ్లు ఒక మేనేజర్‌ను జీతానికి పెట్టుకుంటారు. పన్ను కోసం ఆస్తుల విలువ కట్టే అసెసర్, ఆడిటర్, ట్రెజరర్, షెరీఫ్, ప్రాసిక్యూటర్ కూడా విడివిడిగా ఎన్నికయ్యేవాళ్లే. మా ఆఫీసుకు పెద్ద అయిన అసెసర్ కౌన్సిల్ మాట వినక్కర్లేదు, ఓటర్ల మాట వింటే చాలు. కొత్తగా వెళ్లినప్పుడు నాకిది వింతగా ఉండేది.

ముగ్గురేనా అని తేలిగ్గా తీసుకోకండి. ఆ సంఖ్య మీద పెద్ద పోరాటమే జరిగింది. 2005లో ఓటర్లు సొంత చార్టర్ ఆమోదించుకున్నారు, అంటే కౌంటీ ఎలా నడవాలో తామే నిర్ణయించుకునే పత్రం. వాషింగ్టన్‌లో ఇలాంటి చార్టర్ ఉన్న కౌంటీలు ఏడే. జనాభాలో సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీ ఒక చివర, ఇది ఇంకో చివర. మొదట ఆరుగురు సభ్యులన్నారు. అభిప్రాయాలెక్కువై పని నడవడం లేదని 2012లో మళ్లీ ఓటు పెట్టి ముగ్గురికి దించారు. ఒకరు సాన్ వాన్ దీవి వాళ్లు, ఒకరు ఓర్కస్ వైపు, ఒకరు లోపెజ్, షా వైపు. కానీ ముగ్గురికీ కౌంటీ మొత్తం ఓటేస్తుంది. దీని మీద కోర్టుకి వెళ్లినవాళ్లూ ఉన్నారు, నిలబడలేదు.

మున్సిపాలిటీ ఫ్రైడే హార్బర్ ఒక్కటే, 1909 నుంచి. అందులో ఉండేది రెండున్నర వేల పైచిలుకు. ఓర్కస్‌లో ఈస్ట్‌సౌండ్, లోపెజ్ విలేజ్ చూడటానికి ఊళ్లే, కాగితం మీద ఊళ్లు కావు. కాబట్టి మిగతా పదిహేను వేల మందికి రోడ్డు గుంత దగ్గర్నుంచి ఇంటి ప్లాను దాకా కౌంటీయే దిక్కు. వీటికి తోడు ఏ దీవికి ఆ దీవికి స్కూలు డిస్ట్రిక్టు, ఫైర్ డిస్ట్రిక్టు, పోర్టు డిస్ట్రిక్టు. డిస్ట్రిక్టు అంటే ఇక్కడ జిల్లా కాదు, ఒక్క పని కోసం పెట్టుకున్న విడి బోర్డు. లోపెజ్ వాళ్లయితే చెత్త కోసం కూడా సొంత డిస్ట్రిక్టు పెట్టుకున్నారు. ఒక్క స్థలం పన్ను బిల్లులో ఇన్నేసి పద్దులు ఎందుకని కొత్తగా కొన్నవాళ్లు మా కౌంటర్ దగ్గరికొచ్చి టెన్షన్ పడేవారు. పద్దు పద్దుకీ ఒక బోర్డు, ఆ బోర్డులో మళ్లీ మీ పక్కింటాయనే.

చిన్న కౌంటీ కదా, పలుకుబడి ఏముంటుంది అనుకుంటే పొరపాటు. 1996లో జెట్ స్కీలను (నీళ్ల మీద నడిపే మోటారు బళ్లు) తమ నీళ్లలో నిషేధించారు. కంపెనీల తరఫున కోర్టుకెళ్తే 1998లో రాష్ట్ర సుప్రీం కోర్టు కౌంటీ పక్షానే తీర్పిచ్చింది. 1990లో ల్యాండ్ బ్యాంక్ పెట్టుకున్నారు. స్థలం కొన్నవాళ్లు ధరలో ఒక శాతం దానికి కట్టాలి, ఆ డబ్బుతో ఖాళీ నేలలు కొని కట్టడాలు రాకుండా కాపాడతారు. మీరు నడిచిన కొన్ని కొండదారులు ఆ ఒక శాతంతో కొన్నవే అయ్యుంటాయి. 2023 అక్టోబరులో కౌంటీ ఉద్యోగుల్లో చాలామందికి వారానికి 32 గంటల పని పెట్టారు. జీతం పెంచే స్తోమత లేక సమయం ఇచ్చారు. నేను మానేసి వచ్చాక ఇచ్చారు, అదొక్కటే నా బాధ.

మీటింగులకు వెళ్లినప్పుడు నాకు ఎప్పుడూ ఒక సంగతి గుర్తొచ్చేది. 1859లో అమెరికన్ క్యాంప్ దగ్గర ఫిరంగుల కోసం మట్టి గట్టు కట్టించిన కుర్ర ఇంజనీరు పేరు హెన్రీ మార్టిన్ రాబర్ట్. తరవాత అమెరికాలో చాలా సభలు పాటించే సభానియమాల పుస్తకం రాసింది ఆయనే. ఎవరు ముందు మాట్లాడాలి, ప్రతిపాదనను ఎవరు బలపరచాలి అని కౌన్సిల్‌లో గంటసేపు వాదించుకుంటుంటే, ఈయన కట్టిన గట్లలో ఏది గట్టిదా అనుకునేవాణ్ని. మట్టి గట్టు ఇప్పటికీ ఉంది, మీ అబ్బాయికి చూపించండి.

కౌంటీ చేతిలో లేనిది

అదే ఫెర్రీ. ఓడలు రాష్ట్రానివి, 1951 నుంచి. ఒడ్డున రేవు అనకోర్టిస్‌లో ఉంది, అది స్కాజిట్ కౌంటీ. అంటే ఈ కౌంటీకి ప్రాణమైన ఫెర్రీయే కౌంటీ చేతిలో లేదు. ఓడ చెడిపోయి ఒక ట్రిప్పు ఎగిరిపోతే కిరాణా కొట్లో పాలు ఉండవు, డెంటిస్టు రాడు, పెళ్లివారు రేవులో నిలబడతారు. పెద్ద ఒడ్డుకి వెళ్లడాన్ని మా వీధి పెద్దాయన ఒకాయన "అమెరికా వెళ్లొస్తున్నాను, ఏమైనా కావాలా?" అనేవాడు. మొదట్లో జోకనుకున్నాను. ఏడాది తిరిగేసరికి నేనూ అలాగే అంటున్నాను.

మా అబ్బాయి పుట్టినప్పటి సంగతి చెబుతాను. దీవిలో కాన్పు చేసే ఏర్పాటు లేదు. నెలలు నిండే ముందే ఒడ్డుకి వెళ్లి ఉండమన్నారు. రెండు వారాలకు అనకోర్టిస్‌లో గది తీసుకున్నాం. రాజోలు నుంచి వచ్చిన మా అత్తగారు ఫెర్రీ డెక్కు మీద నిలబడి, కింద వరసగా నిలిపిన కార్లను చూసి, "మా గోదావరి మీద పంటు లాగే ఉంది. మా దగ్గరే వంతెనలొచ్చేశాయి, ఇంత డబ్బున్న దేశంలో పురిటికి పడవెక్కాలా?" అంది. పక్కనున్న ముసలావిడ ఏమన్నారని అడిగితే అనువదించాను. ఆవిడ గాభరాగా, "వంతెనా? అయ్యో, వద్దని చెప్పండి" అంది. అది ఆవిడ ఒక్కరి మాట కాదు, నాకు తెలిసిన పాతకాపులందరి మాట.

ఒక హెచ్చరిక. పల్లెటూరి కౌంటీ అనగానే పేద కౌంటీ అని ప్రాజెక్టులో రాయనివ్వకండి. ఒకప్పుడు రోష్ హార్బర్‌లో సున్నం బట్టీలు, ఓర్కస్‌లో పండ్ల తోటలు, సాల్మన్ క్యానరీలు, మద్యనిషేధం రోజుల్లో కెనడా నుంచి దొంగ సరుకు. ఇప్పుడు పర్యాటకులు, రిటైరైనవాళ్లు. జనాభాలో సగం మందికి పైగా యాభై దాటినవాళ్లే. ఇళ్ల ధరలు మండిపోతాయి, జీతాలు మాత్రం పల్లెటూరివే. చలికాలమంతా మాకు అద్దెకిచ్చిన ఒక యజమాని జూన్ రాగానే ఖాళీ చేయించి టూరిస్టులకు వారం లెక్కన ఇచ్చుకున్నాడు. సెప్టెంబరు దాకా స్నేహితుడి గ్యారేజీ మీది గదిలో ఉన్నాం. అక్కడ టీచర్లు, నర్సులు, వంటవాళ్లు ఏటా పడే పాటే ఇది. 2018లో ఓటర్లు ఇళ్ల కోసం కూడా స్థలాల అమ్మకాల మీద అర శాతం పన్ను ఒప్పుకున్నారు. చాలదు, కానీ ఒప్పుకున్నారు.

ఫ్రైడే హార్బర్ రేవు నుంచి ఎడమపక్కన కనిపించేవి వాషింగ్టన్ యూనివర్సిటీ సముద్ర పరిశోధనశాలలు, 1904లో మొదలయ్యాయి. ఒసాము షిమోమురా అక్కడ వేసవుల్లో రేవు దగ్గర వలతో జెల్లీ చేపలు పట్టి, వాటిలో మెరిసే ప్రొటీన్ వెతికాడు. 2008లో కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఆయనొకడు. పిల్లాడికి పంది కన్నా ఇది నచ్చినా నచ్చొచ్చు.

చివరగా పేర్ల సంగతి, ఇది దాదాపు ప్రతి స్కూలు ప్రాజెక్టులోనూ తప్పు రాస్తారు. ఓర్కస్ దీవికి ఓర్కా తిమింగలాల వల్ల ఆ పేరు రాలేదు. 1791లో స్పానిష్ నావికులు వచ్చినప్పుడు మెక్సికోలో ఉన్న వాళ్ల వైస్రాయ్‌ది బారెడు పేరు. అందులో ఒక ముక్క హోర్కసీతాస్, అది అరిగి ఓర్కస్ అయింది. అదే పేరులోని గ్వేమెస్ ముక్క పక్క కౌంటీ దీవికి, పడీయా ముక్క అక్కడి అఖాతానికి పోయాయి. లోపెజ్ దీవి, హారో జలసంధి రెండూ లోపెజ్ దె హారో అనే ఒకే నావికుడివి. ఫ్రైడే హార్బర్ శుక్రవారానిది కాదు, హడ్సన్స్ బే కంపెనీ గొర్రెలు కాసిన జో ఫ్రైడే అనే హవాయి మనిషిది. మీరు ఈసారి వెళ్లేటప్పుడు కారుకి ముందే రిజర్వేషన్ చేసుకోండి. టికెట్ అనకోర్టిస్‌లో వెళ్లేటప్పుడే తీసుకుంటారు, తిరుగు ప్రయాణానికి అడగరు.